ఇబ్రహీం ఆర్ట్స్, చర్ల

చర్ల చుట్టుపక్కల ఇబ్రహీం భాయ్ చెయ్యి పడని గోడ ఉంటే నాకు చూపించండి. కిరాణా కొట్టు బోర్డు, బడి గోడ మీద నినాదం, మా చర్చి గేటు మీద వాక్యం, మసీదు పక్క టైలరు దుకాణం, ఎరువుల కొట్టు షట్టరు, ఆఖరికి పోలీసు క్యాంపు బయట 'వాహనములు ఆపవలెను' అన్న రేకు కూడా ఆయన రాసిందే. కుడివైపు కింద మూలకు చూడండి. చిటికెన వేలి గోరంత అక్షరాలతో 'ఇబ్రహీం ఆర్ట్స్, చర్ల' అని ఉంటుంది. బోర్డంతా ఎండకు వెలిసిపోయినా ఆ మూల మాత్రం గట్టిగా ఉంటుంది. ఎందుకంటే అక్కడ ఆయన రంగు రెండుసార్లు వేస్తాడు. నేను గట్టిగా అడిగితే ఆయనే ఒప్పుకున్నాడు.

నా పేరు హెప్సిబా. బస్టాండు ఎదురుగా మా అమ్మాయి పేరు మీద 'స్తుతి జిరాక్స్ అండ్ ఆన్‌లైన్' నడుపుతున్నాను. నాకు ఓపిక తక్కువని ఊళ్లో పేరుంది. అది అబద్ధమేమీ కాదు. రోజుకు నలభై మంది ఫోను ఇంట్లో పెట్టి వచ్చి ఓటీపీ రాలేదని మీతో వాదిస్తే మీ ఓపిక ఎంత మిగులుతుందో మీరే చూసుకోండి. అలాంటి నేను ఒక మనిషి పక్కన ఆరు నెలలు కూర్చుని పని నేర్పానంటే, ఆ మనిషిలో ఏదో ఉండి ఉండాలి. అది చెబుదామనే ఇదంతా.

నా కొట్టు బోర్డు కూడా ఆయనే రాశాడు, పదకొండేళ్ల కిందట. చాక్‌పీసు రుద్దిన దారం లాగి వదిలి రేకు మీద గీతలు కొట్టాడు. తర్వాత అక్షరాలన్నీ తలకట్లు లేకుండా బోడిగా రాసుకుంటూ పోయాడు. "ఏంది భాయ్, సగం సగం రాస్తున్నవ్" అన్నాను. వరస పూర్తయ్యాక నిచ్చెన మళ్లీ ఎడమ చివరకు జరిపి, తలకట్లన్నీ ఒక్క ఊపులో పెట్టుకుంటూ వచ్చాడు. అప్పుడు దిగి, చేతులు తుడుచుకుని, రోడ్డు దాటి అవతలికి పోయి, బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దమనిషిని పట్టుకుని "గా బోర్డు జర చదువుండ్రి" అన్నాడు. ఆయన తడుముకోకుండా చదివాడు. అప్పుడు భాయ్ తిరిగొచ్చి మూలకు సంతకం పెట్టాడు. ఎదురు రోడ్డు మీద ముక్కూ మొహం తెలియని మనిషి చదివితేనే సంతకం, లేకపోతే లేదు. ముప్పై ఏళ్లుగా అదే ఆయన పద్ధతి.

తర్వాత భద్రాచలంలో ఫ్లెక్సీ కొట్లు వచ్చాయి. పొద్దున చెబితే మధ్యాహ్నానికి ఇంత పొడుగు బొమ్మతో సహా చేతిలో పెడుతుంటే నిచ్చెన వేసే మనిషి ఎవరికి కావాలి. ఒక్కో పనీ పోయింది. మిగిలింది ఒకటే, మిషను దవాఖానా గోడలు.

ఈ దవాఖానాను సిస్టర్ మరియ చూసుకుంటుంది. ఆమెది కాథలిక్ మిషను, మాది వేరే చర్చి. అయినా ఆమె మాటంటే నాకు గౌరవమే, ఈ సంగతి మా పాస్టరుగారికి చెప్పకండి. భద్రాచలం నుంచి డాక్టరమ్మ జీపులో వచ్చి నెలకు ఒకసారి ఇరవై రెండు అడవి ఊళ్లు తిరుగుతుంది. ఏ ఊరికి ఏ రోజు వస్తుందో ప్రతి ఊరికీ ఒక గోడ మీద ఇబ్రహీం భాయ్ రాసి పెడతాడు. వానలు పోయాక ప్రతి ఏడూ మళ్లీ సున్నం కొట్టి, మళ్లీ రాయాలి. ఫ్లెక్సీ కడితే గాలికి చిరిగిపోయి, పోడు చేలల్లో గుడిసెలకు కప్పుకోవడానికి పోతుంది కాబట్టి ఈ పని ఆయనకే మిగిలింది.

ముందటేడు జులైలో ఒక గోడ అబద్ధం చెప్పింది. ఇది ఆయన మాటే, నాది కాదు. వాగు పక్క రాళ్లగుంపు అనే కోయ ఊరు ఉంది. డాక్టరమ్మను కలవాలంటే వాళ్లు మూడు కిలోమీటర్లు నడిచి వాగు ఒడ్డు బడి దగ్గరకు రావాలి. 'రెండో గురువారం' అని ఆ బడి గోడ మీద ఉందని బడి సారు ఎప్పుడో చదివి చెప్పాడు. ఆ ఊరి జంపయ్య కోడలికి ఏడో నెల. కాళ్లు వాచాయి. జంపయ్యా, కొడుకూ మంచాన్ని కర్రకు కట్టి, దాంట్లో ఆమెను పడుకోబెట్టి, వానలో మోసుకొచ్చారు. వాగు పొంగిందని డాక్టరమ్మ రాక ముందురోజే వాయిదా పడింది. సిస్టరమ్మకు తెలుసు, డాక్టరమ్మకు తెలుసు, గోడకు తెలియదు. పొద్దు వాలేదాకా ఆ గోడ కిందే కూర్చుని, మళ్లీ మోసుకుంటూ పోయారు. ఆ అమ్మాయికి ఏమీ కాలేదు, తర్వాత బిడ్డ కూడా బాగానే పుట్టాడు. కానీ ఈ సంగతి విన్నాక ఇబ్రహీం భాయ్ వారం రోజులు కుంచె ముట్టలేదని ఆయన భార్య తాహెరా నాతో చెప్పింది.

ఆ ఏడు వానలు పోయాక గోడల పని మొదలుపెడదామని ఆయన సిస్టరమ్మ దగ్గరకు వెళ్లాడు. ఆమె కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి మెల్లగా చెప్పింది.

"భాయ్, ఇక గోడలు వద్దనుకుంటున్నాం. వెబ్‌సైటు పెడదామని. ఇప్పుడు ఊరికి రెండు ఫోన్లన్నా ఉన్నయ్. వాగు వచ్చిన రోజు నేనే ఇక్కడ కూర్చుని తేదీ మార్చొచ్చు. వాట్సాప్‌లో పెడితే పోయిన నెల మెసేజు ఈ నెల మళ్లీ తిరుగుతుంది, జనం ఆగమైతున్నారు. ఖమ్మంలో చేసేవాళ్లు ఉన్నారట."

అప్పుడు ఈయన ఏమన్నాడో సిస్టరమ్మే నాకు చెప్పింది. గ్లాసు కింద పెట్టి, "సిస్టరమ్మా, గోడలు నావి. అబద్ధం చెప్పింది గూడ నా గోడే. గా వెబ్‌సైటు నేనే చేస్త" అన్నాడట. ఆమె మృగశిర కార్తె దాకా గడువిచ్చింది. అప్పటికి తయారు కాకపోతే ఖమ్మం వాళ్లకు ఇస్తానని కూడా చెప్పింది.

అక్కడి నుంచి తిన్నగా నా కొట్టుకు వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు.

"చెల్లె, వెబ్‌సైటంటే ఏంది?"

"ఎందుకు భాయ్?"

"చేస్తనని ఒప్పుకున్న."

నాకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వలేదు. యాభై ఆరేళ్ల మనిషి, ఏడో తరగతి చదువు, జేబులో కుంచె, వేళ్ల సందుల్లో ఎన్నేళ్లు కడిగినా పోని నీలం రంగు. నవ్వు ఆపుకుని కంప్యూటరు ఆయన వైపు తిప్పాను.

నాకు తెలిసింది కూడా పెద్దగా ఏమీ లేదు. మా చర్చి కోసం ఒకసారి వర్డ్‌ప్రెస్‌తో వెబ్‌సైటు చేశాను, ఆరాధన వేళలు, క్రిస్మస్ ఫొటోలు, అంతే. దాంట్లో సుఖం ఏమిటంటే కోడు రాయక్కర్లేదు. సామానంతా తయారుగా ఉంటుంది, పేజీలు పెట్టుకోవడం, మాటలు రాసుకోవడం, కావలసినప్పుడు మార్చుకోవడం మన పని. ఆయనకు అదే చెప్పాను.

"ఇది ఎవరిది?" అన్నాడు.

"ఒకరిది గాదు భాయ్. లోకంల శానామంది కలిసి రాసి, తీసుకోండ్రి, వాడుకోండ్రి, లోపల విప్పి మార్చుకోండ్రి అని ఊకనే పెట్టిండ్రు."

"ఊకనేనా?"

"ఊకనే."

"మరి వాళ్ల పేరు ఏడ రాసుకున్నరు?" అన్నాడు.

ఎవరైనా ఇదెంతసేపు పడుతుందని అడుగుతారు, పోతే మళ్లీ వస్తుందా అని అడుగుతారు. ఈ ప్రశ్న అడిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. మా చర్చి పేజీని కిందిదాకా జరిపి చూపించాను. అట్టడుగున చిన్న ఇంగ్లీషు అక్షరాలతో ఒక వాక్యం ఉంది. వర్డ్‌ప్రెస్‌తో గర్వంగా నడుస్తోందని దాని అర్థం. చదివి చెప్పాను. ఆయన మొహం విప్పారింది.

"సంతకం పెట్టిండ్రు," అన్నాడు. "మంచి పనోళ్లే."

ఆ మాటను చాలామంది తీసేస్తారని, మనమూ తీసేయొచ్చని అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకు మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. ఇప్పటికీ ఆ దవాఖానా వెబ్‌సైటు అడుగున ఆ వాక్యం అలాగే ఉంది.

రోజూ మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉండే వేళకు వచ్చేవాడు. ప్రతి పేజీనీ గోడ అనేవాడు. వెబ్‌సైటు రూపాన్ని మార్చే థీము ఆయన లెక్కలో సున్నం, ముందు అది కుదరాలి. అదనపు పనులకు తగిలించుకునే ప్లగిన్లు నిచ్చెనలు, పనైతే దింపేయాలి. ఒక థీము తెరవగానే తెల్లకోటు వేసుకుని పళ్లికిలించే దొరల ఫొటోలు వచ్చాయి. "వీళ్లు మన దవాఖానకు ఎప్పుడొచ్చిండ్రు?" అని చిరాకు పడ్డాడు. చివరకు తెల్లటి, ఏ ఆర్భాటమూ లేని థీము ఎంచుకున్నాడు. పైన ఊళ్ల జాబితాకు ఏం పేరు పెడదామంటే 'గోడలు' అన్నాడు. అదే పెట్టాం. రాళ్లగుంపు గోడ, ఇంకో ఊరి గోడ, అలా ఇరవై రెండు.

అంతా బాగానే నడిచింది, టైపింగు దగ్గరకు వచ్చేదాకా.

ముప్పై ఏళ్లు తెలుగు రాసిన చెయ్యి కీబోర్డు మీద పెట్టగానే చెక్క అయిపోయింది. ఒత్తు ఎక్కడుందో తెలియదు, దీర్ఘం ఎక్కడుందో తెలియదు. ఒక ఊరి పేరుకు పావుగంట. అన్నిటికంటే ఆయనకు మింగుడు పడనిది, క నొక్కగానే తలకట్టుతో సహా వచ్చి కూర్చోవడం. "అదే పెట్టుకుంటదా? నన్ను అడగదా?" అన్నాడు. నోటితో చెబితే ఫోను టైపు చేస్తుందని చూపించాను. రాళ్లగుంపు అంటే అది 'రాళ్ల గుంపు' అని రెండు ముక్కలు చేసింది, ఇంకో ఊరి పేరును ఏదో సినిమా పేరు చేసింది. దాని మీద నమ్మకం పోయింది.

నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు చంకలో అట్టల కట్టతో వచ్చాడు. ఇరవై రెండు తెల్లటి డ్రాయింగు అట్టలు, ఒక్కో ఊరికి ఒకటి, నీలం, ఎరుపు రంగులతో తన చేత్తో రాసినవి. ఊరి పేరు పెద్దగా, కింద వారం, తేదీ, చోటు, మందుల వివరం. మూలకు సంతకం.

"వీటికి ఫొటోలు తీసి పెడదం చెల్లె. గోడ గోడ లెక్కనే ఉంటది."

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. పేజీలో రాత బదులు బొమ్మ పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. పూర్తిగా కాకపోయినా సగం తెలుసు. కానీ ఆ అక్షరాలు చూడండి. ఆ 'ళ' వంపు చూడండి. ఏ కంప్యూటరు అక్షరమూ దాని కాలిగోటికి సరిపోదు. నా కొట్టులో పదకొండేళ్లుగా జిరాక్సు తీసిన కాగితాల్లో అంత అందమైన తెలుగు నేను చూడలేదు. నోరు మూసుకుని ఫొటోలు తీశాను, పేజీకొకటి ఎక్కించాను.

మృగశిరకు ఇంకా మూడు వారాలుండగానే సిస్టరమ్మకు చూపించాం. దవాఖానా వరండాలో నర్సులంతా ఫోన్లు పట్టుకుని మూగారు. సిస్టరమ్మ ఒక్కో గోడా తెరిచి చూసింది. "అచ్చం మన గోడలే భాయ్," అంది. ఆమె కళ్లు చెమర్చాయి. తాహెరా సేమియా చేసి పంపింది. ఆయన నడుం నిటారుగా పెట్టి నిలబడ్డాడు, నేను ఆయన పక్కన నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే మోపెడ్ తీసి, "రాళ్లగుంపు పోయొస్త" అన్నాడు. ఎదురు రోడ్డు పరీక్ష అన్నమాట. ఎవరో ఒకరు చదవాలిగా. ఈసారి సంతకం ముందే పెట్టేశాడు, అది మాత్రం ఆయన పద్ధతికి విరుద్ధం. పొగడ్తలో నాకూ వాటా దొరుకుతుందని స్కూటీ మీద వెనకే వెళ్లాను.

రాళ్లగుంపులో నీళ్ల ట్యాంకు దగ్గర తప్ప ఎక్కడా సిగ్నలు ఉండదు. జంపయ్య అక్కడే వేపపుల్ల నములుతూ కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్లుంటాయి. బడి మొహం చూడలేదు. కానీ ఫోను వాడతాడు. భద్రాచలం హాస్టల్లో చదివే మనవరాలు, తెర మీద ఉన్నది చదివి వినిపించేలా దాన్ని అమర్చి పెట్టింది. చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. ఆ ఊళ్లో సగం మంది ఆయన ఫోనునే వింటారట.

ఇబ్రహీం భాయ్ పేజీ తెరిచి ఇచ్చాడు. తెర మీద చక్రం తిరిగింది. ఒక చుట్ట కాల్చేంత సేపు తిరిగింది. చివరికి పైన ఊరి పేరు, సగం అట్ట కనిపించాయి. జంపయ్య నొక్కాడు. ఫోను "ఇమేజ్" అంది. ఆగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ "ఇమేజ్" అంది.

"బొమ్మ అంటుంది భాయ్," అన్నాడు జంపయ్య. "ఎవరి బొమ్మ?"

"బొమ్మ గాదు. నేను రాసిన."

"రాస్తే చదవాలె గద."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఆయన నిజంగానే అడిగాడు. ఇంకోసారి నొక్కి, చెవికి పెట్టుకుని, ఓపిగ్గా విని, ఫోను తిరిగి ఇచ్చేశాడు. ఇబ్రహీం భాయ్ దాన్ని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. దారిలో వాగు ఒడ్డున బడి దగ్గర మోపెడ్ ఆపి, తన పాత గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను స్కూటీ దిగలేదు. ముప్పై ఏళ్లు ఎదురు రోడ్డు నుంచి చదివించిన మనిషి, చదువొచ్చిన వాళ్లనే పిలుస్తూ వచ్చాడు. ఆ సంగతి ఆయనకు ఆ గోడ ముందే తట్టిందని తర్వాత చెప్పాడు.

మూడో రోజు కొట్టుకు వచ్చాడు. కూర్చోలేదు.

"చెల్లె, నిజం చెప్పు. గిట్లయితదని నీకు తెలుసా?"

"సగం తెలుసు భాయ్."

"మరెందుకు చెప్పలే?"

"మస్తుగున్నయని ఊకున్న."

"ఎవరికి మస్తుగున్నయ్? నీకు, నాకు, సిస్టరమ్మకు. మనం ముగ్గురం మోసుకుంట పోయినమా గా పిల్లను?"

ఆయన నా మీద గొంతు పెంచడం అదొక్కసారే. నాతో ఎవరైనా అలా మాట్లాడితే నేను ఊరుకునే రకం కాదు. ఆ రోజు ఊరుకున్నాను. ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. వాగు వచ్చి తేదీ మారితే సిస్టరమ్మ ఏం చేస్తుంది? అట్ట మీద రాతను ఆమె ఫోన్లోంచి ఎలా మారుస్తుంది? మళ్లీ ఈయన అట్ట రాయాలి, నేను ఫొటో తీయాలి. అంటే మేము కష్టపడి, పాత గోడనే తెచ్చి కొత్త చోట కట్టాం.

"తీసెయ్," అన్నాడు.

పేజీలన్నీ చెత్తబుట్టలో వేశాను. "ఇంక ముప్పై రోజులు దాంట్ల ఉంటయ్ భాయ్, కావాలంటే మళ్ల తెచ్చుకోవచ్చు" అన్నాను. "వద్దు. ఉంటే మళ్ల చూడబుద్దయితది" అని, మౌసు తనే తీసుకుని 'శాశ్వతంగా తొలగించు' అన్న దాన్ని ఇరవై రెండుసార్లు నొక్కాడు. ఫొటోలు కూడా తీసేశాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, కీబోర్డు ముందుకు జరుపుకున్నాడు.

ఎనిమిది రోజులు పట్టింది. రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం. పక్కన తాహెరా కూర్చుని, ఆయన గోడల పని రాసుకున్న పాత పుస్తకంలోంచి ఊళ్ల పేర్లు చదివేది. నా కొట్టుకు వచ్చినవాళ్లు, ఆధార్ సంగతి మర్చిపోయి, ఆయన వెనక నిలబడి చూసేవాళ్లు. ఒక్కో పేజీ అవగానే తెరకు వీపు పెట్టి కూర్చుని, తన ఫోను చేత చదివించుకుని వినేవాడు. అప్పుడు ఇంకో తిప్పలు వచ్చింది. గోడ మీద చోటు కలిసి వస్తుందని ఇన్నేళ్లూ 'ఉ. 10 గం.కు' అని రాసేవాడు. ఫోను దాన్ని "ఉ పది గం కు" అని చదివింది. తాహెరా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ముప్పై ఏండ్ల సంది గిట్లనే రాసిన," అన్నాడు ఆయన సిగ్గుపడుతూ. అన్నీ విప్పి, మనిషి మనిషికి చెప్పినట్టు రాశాడు. 'డాక్టరమ్మ ఈ గురువారం పొద్దున పది గంటలకు వాగు ఒడ్డు బడికి వస్తుంది. పిల్లల కార్డులు తెచ్చుకోండి.' పేజీలో ఆ రెండు వాక్యాలే ముందుంటాయి. బొమ్మ ఒక్కటీ లేదు. సిగ్నలు ఒక్క గీత ఉన్నా తెరుచుకుంటుంది.

మృగశిరకు రెండు రోజుల ముందు మళ్లీ రాళ్లగుంపు వెళ్లాం. పేజీ వెంటనే వచ్చింది. జంపయ్య ఫోను చెవికి పెట్టుకున్నాడు, విన్నాడు, తల ఊపాడు. "గురువారం. పది గంటలు. కార్డు," అన్నాడు. అంతే. ఇబ్రహీం భాయ్ తిరిగొచ్చి నా కొట్టులో కూర్చుని, ఇరవై రెండు గోడల అడుగునా ఒక వాక్యం టైపు చేశాడు. దాని కింద వర్డ్‌ప్రెస్ వాళ్ల సంతకం.

ఆ సాయంత్రమే సిస్టరమ్మకు మార్చడం నేర్పాడు. లోపలికి ఎలా వెళ్లాలి, తేదీ ఎక్కడ మార్చాలి, 'అప్‌డేట్' ఎప్పుడు నొక్కాలి. "ఇగ నా గోడ మీద నువ్వే రాసుకోవచ్చు సిస్టరమ్మా," అన్నాడు. తన కుంచె పక్కవాడు ముట్టుకుంటేనే కసురుకునే మనిషి. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత పట్టిందో నాకు తెలుసు కాబట్టి, ఆ పూట ఆయన్ను ఆట పట్టించలేదు.

జులైలో వాగు పొంగింది. బుధవారం మధ్యాహ్నం సిస్టరమ్మ దవాఖానాలో కూర్చునే రాళ్లగుంపు గోడ మార్చింది. గురువారం బదులు శనివారం, వాగు ఒడ్డు బడి బదులు ఆశ్రమ పాఠశాల. అక్కడికి జీపుకు వేరే రోడ్డు ఉంది, రాళ్లగుంపు వాళ్లకు వాగు దాటని అడవి దారి ఉంది. గురువారం ఇబ్రహీం భాయ్ కుదురుగా ఉండలేదు. ఎవరైనా ఆ బడి గోడ కిందికి పోయి కూర్చున్నారేమోనని అక్కడి సారుకు మూడుసార్లు ఫోను చేశాడు. ఎవరూ రాలేదు. దాంతో ఇంకా భయపడ్డాడు. మార్చింది విని రాలేదో, అసలు ఏమీ వినక రాలేదో ఎలా తెలుస్తుంది.

శనివారం కొట్టు మూసి నేనూ ఆయనతో ఆశ్రమ పాఠశాలకు వెళ్లాను. పదింటికి డాక్టరమ్మ జీపు వచ్చింది. వరండా ఖాళీగా ఉంది. ఆయన గేటు దాకా నడిచి, మళ్లీ వచ్చి, మళ్లీ నడిచాడు. పదీ పదికి అడవి దారి వైపు నుంచి గొడుగులు కనిపించాయి. ఒకటి కాదు, పదకొండు. ముందు జంపయ్య, వెనక కోడలు, ఆమె చంకలో పది నెలల పిల్లాడు. ముందటేడు ఆమె కడుపులో ఉండి, మంచం మీద వానలో తడిసిన పిల్లాడు వాడే. ఆమె తన కాళ్ల మీద నడిచి వచ్చింది.

నేను ఏడవను. ఊళ్లో ఎవర్నైనా అడగండి. ఆ రోజు మాత్రం గొడుగు మొహానికి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

బిడ్డను డాక్టరమ్మకు చూపించడానికి కోడలు లోపలికి వెళ్లింది. జంపయ్య వరండా మెట్టు మీద మా పక్కన కూర్చున్నాడు.

"ఎట్ల తెలిసింది జంపయ్యా?" అన్నాడు ఇబ్రహీం భాయ్. తెలిసి కూడా అడిగాడు.

జంపయ్య ఫోను తీసి నొక్కాడు. అది వరండాలో అందరికీ వినిపించేలా చెప్పింది. డాక్టరమ్మ ఈ శనివారం పొద్దున పది గంటలకు ఆశ్రమ పాఠశాలకు వస్తుంది. వాగు ఒడ్డు బడికి పోవద్దు. పిల్లల కార్డులు తెచ్చుకోండి. ఆ తర్వాత కొంచెం ఆగి, అదే గొంతుతో, "ఈ గోడ రాసింది ఇబ్రహీం ఆర్ట్స్, చర్ల" అంది.

"గీ ఆఖరు మాట ఎప్పుడు పెట్టినా చెప్తది," అన్నాడు జంపయ్య. "మా గుంపుల పిల్లలకు గూడ నోటికొచ్చింది. గోడ మీద మూలకు చిన్నగ ఉంటది గద భాయ్, గది గిదేనా?"

"అవ్. గది నా పేరు."

జంపయ్య ఆయన్ను ఎగాదిగా చూశాడు. "పని అయినంక గా మూలకు కుంచె తుడుచుకుంటవేమో అనుకున్న ఇన్నేండ్లు."

రెండుసార్లు రంగు వేసిన మూల. నేను ఇబ్రహీం భాయ్ మొహం వైపు చూడటానికి భయపడ్డాను. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి, భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత లేచి, చెప్పులు తొడుక్కుని, సన్నటి వానలో ఆవరణంతా దాటి, అవతల గేటు దగ్గరకు పోయి నిలబడి మా వైపు తిరిగాడు.

"జంపయ్యా, సౌండు పెంచి మళ్ల పెట్టు," అని అక్కడి నుంచి కేక వేశాడు. "ఇక్కడికి వినబడుతదో లేదో చూస్త."